ఇనప గుంట దగ్గర చప్పుడు

వాడరేవులో ఎవర్నైనా అడగండి... చీకటి పడ్డాక ఇనప గుంట వైపు పడవ తిప్పమంటే కొట్టినంత పని చేస్తారు. యుద్ధంలో మునిగిన సబ్‌మెరైన్ ఆ నీళ్ల అడుగునే ఉందట. లోపలివాళ్లు ఇంకా ఇనుము మీద కొడుతూనే ఉన్నారని మా ఊరి మాట.

అలాంటి చోటికి పోయిన చలికాలం సుబ్బరావమ్మ అనే ముసలావిడని తీసుకెళ్లాడు మా మేనల్లుడు వీరబాబు. వాడిది వెన్నలాంటి మనసు, మట్టి బుర్ర. ఏడుస్తూ వాడే నాకు చెప్పాడు.

ఆవిడది సత్తెనపల్లి దగ్గర మిరపచేల ఊరు. పెళ్లైన ఏడాదికే మొగుడు యలమందయ్య ఆ సబ్‌మెరైన్‌లో పోయాడు. "క్షణంలో అయిపోయిందమ్మా, నొప్పి కూడా తెలిసుండదు" అన్నారట వచ్చిన ఆఫీసర్లు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్లూ ఇంత తిని, కాస్త నిద్రపోయింది పిచ్చితల్లి.

"చచ్చేలోగా ఒక్కసారి పూలు వేసొస్తా నాయనా" అంది వీరబాబుతో. బస్సు దిగేసరికే పొద్దు గుంకింది. అయినా వీడు పడవ తీశాడు!

పూలు వేసింది. గాలి లేదు, అల లేదు... నల్లటి నీళ్లు.

చేపల సడి వినడానికి మావాళ్లు తెడ్డు నీళ్లలో దించి, పిడికి చెవి ఆనిస్తారు. "విను మామ్మా" అని ఆమెకీ తెడ్డు ఇచ్చాడు. చాలాసేపు విన్నది.

"ఏమీ లేదు నాయనా... ఎవరూ లేరు."

ఆ గొంతు వాడు తట్టుకోలేకపోయాడు. చేపల్ని వలలోకి తోలేటప్పుడు పడవ బల్ల మీద కొడతాంగా, అలాగే ఆమె వెనక నుంచి మడమతో మెల్లగా —

టక్... టక్... టక్.

ఆమె బిగుసుకుపోయింది.

"మీ ఆయనే మామ్మా! నువ్వొచ్చావని పలుకుతున్నాడు" అన్నాడు. సంతోషిస్తుందనుకున్నాడు, వీడి తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆమె నవ్వలేదు.

"అయితే... వెంటనే పోలేదా?"

తెడ్డు వదలకుండానే వీడి వైపు తిరిగింది.

"లోపల గాలి ఎన్నాళ్లుంటది నాయనా? కొడుతూనే ఉన్నాడా...? ఎవరూ రాలేదా?"

వీడు ఆమె కాళ్ల మీద పడ్డాడు. "నేనే తట్టాను మామ్మా! అమ్మతోడు! ఇదిగో, ఈ మడమతోనే..." అంటూ లేచి బల్ల మీద మళ్లీ కొట్టి చూపించాడు.

ఆమె వాడి తల నిమిరింది.

"ఊరుకో. నా బాధ చూడలేక అబద్ధమాడుతున్నావు" అని, మళ్లీ తెడ్డుకు చెవి ఆనించింది.

"ఉండు... ఇంకా కొడుతున్నాడు."