మెరిడియన్ స్టార్ ఆఖరి రికార్డింగ్

"భరత్‌ను పట్టించింది మన ఆఫీసు అర్చన."

యలహంకలో పట్టుచీరల కొట్టు మేడమీది రహస్య ఆఫీసులో గూఢచారి విభాగం చీఫ్ గోపాలప్ప ఆ మాట అనగానే ఏజెంట్ చిక్కమునియప్ప పిడికిలి బిగుసుకుంది. భరత్ అతని అక్క కొడుకు. 'మెరిడియన్ స్టార్' అనే విదేశీ వాణిజ్య నౌకలో వంటవాడి వేషంలో చేరి, ఎరువుల బస్తాల కింద మిసైల్ విడిభాగాలున్నాయని కబురు పంపాడు. మన నేవీ ఓడను పట్టుకునేసరికే అతన్ని సముద్రంలోకి తోసేశారు.

మూడు వారాలుగా ఆ దేశం గగ్గోలు పెడుతోంది. విడిభాగాలు మనమే పెట్టామట. క్షమాపణ చెప్పి తమ ఓడ వదలాలట. పట్టుకున్న ఓడ ఇక మాదేనని మన ప్రభుత్వం.

"ఓడ నడిపే గదిలో మాట్లాడినదంతా బ్లాక్‌బాక్స్‌లో ఉండాది. పదకొండుకు బెళ్ళందూరు ల్యాబ్‌లో వాళ్ళ ముందరే సీలు తీసి ప్లే చేస్తారు. మన ఇంటర్‌ప్రెటర్‌గా అర్చన వస్తాది, దాన్ని చెరిపేసేదానికి. ముందే అరెస్ట్ చేస్తే కట్టుకథ అంటారు. అందరి ముందరా దొరకాల," అన్నాడు గోపాలప్ప.

"కాల్చేదానికి పర్మిషన్ ఉందా సార్?"

"లేదప్పా. ప్రాణాలతో కావాల."

పది యాభై. పెట్టుడు మీసం, తెల్ల కోటు, చేతిలో కాఫీ ట్రే. ట్రే కింద పిస్టల్. మునియప్ప ల్యాబ్‌లోకి అడుగుపెట్టాడు. నెమలికంఠం రంగు పట్టుచీరలో అర్చన విదేశీ రాయబారితో నవ్వుతూ మాట్లాడుతోంది. భరత్ పుట్టినరోజున అక్క ఇంట్లో ఓళిగలు తిన్న మనిషి!

పది యాభై తొమ్మిది. ఇంజనీర్ సీలు తెంచాడు. అర్చన చెవి కమ్మ తీసి బ్లాక్‌బాక్స్ వైపు వంగింది. కమ్మ వెనక ఎర్రటి చుక్క వెలిగింది.

"మేడమ్, డికాక్షన్ స్ట్రాంగ్‌గా వేయాలా?"

'డికాక్షన్' కోడ్‌వర్డ్. తలుపులు లాకయ్యాయి. ఆమె బొటనవేలు కమ్మ రాయిని నొక్కబోయింది. మునియప్ప ఆ మణికట్టు పట్టి మెలితిప్పాడు. కమ్మ జారి పొగలు కక్కే కాఫీలో పడింది. ఎర్రచుక్క ఆరిపోయింది.

"ప్లే చేయండి," అన్నాడు.

కెప్టెన్ గొంతు ఇంగ్లీషులో పలికింది: "అర్చన మెసేజ్ పంపింది. ఈ వంటవాడు ఇండియన్ ఏజెంట్." పెనుగులాట. తర్వాత రొప్పుతూ భరత్ గొంతు, తెలుగులో: "మామా, నువ్వు వింటావని తెలుసు. దాన్ని వదలొద్దు!"

మునియప్ప చేతిలోకి పిస్టల్ వచ్చింది. అర్చన కళ్ళు మూసుకుంది. అతని వేలు ట్రిగ్గర్ మీదికి చేరింది.

ఇంతలో రాయబారి లేచాడు. "ఈమె ఎవరో మాకు తెలియదు. ఓడ గురించి మా అభ్యంతరాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాం."

"సర్! పాస్‌పోర్ట్ ఇస్తామన్నారు కదా!" అర్చన అతని కోటు పట్టుకుంది. అతను విదిలించుకున్నాడు. ఆమె బల్లకు ఇటుపక్క కూర్చున్న మన విదేశాంగ శాఖ అధికారి వైపు తిరిగితే ఆయన గోడ గడియారం చూడసాగాడు.

వెలవెలబోయిన అర్చన ముఖం తృప్తిగా చూసి, మునియప్ప పిస్టల్ దించి బేడీలు తీశాడు.

"నన్నేం చేస్తారు?" అని అడిగిందామె.

"తెలీదమ్మా. ఓడ కోసం మాదంటే మాదని రెండు దేశాలోళ్ళూ మూడు వారాలు కొట్లాడినారు. నిన్ను మాత్రం మాది కాదంటే మాది కాదని ఒక్క నిమిషంలో ఒప్పందానికొచ్చేసినారు."