కాళ్లు పడని ఫొటో

"అభిషేకూ! ఒరే అభిషేకూ! ఆ తట్టు యాడికిరా పోతాండావ్?"

బజ్జీల బండి కాడ నుంచి సుంకమ్మవ్వ కేక. అభిషేక్ ఆగినాడు. ఒక భుజాన మూడు కాళ్ల స్టాండు, ఇంకో భుజాన కెమెరా సంచి.

"జిన్నింగు మిల్లు కాడికవ్వా. ఫొటో తీయాల."

"దీపాలు పెట్టే వేళా? నీకేమన్నా పట్టిందా?" అవ్వ గరిటె గాల్లోనే ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "ఆడ ఒక పిల్ల నిలబడి ఉంటదిరా... తెల్లగా, పత్తి మాదిరి. పిలవదు, అరవదు. ఊరికే చూస్తాంటది... దాని కంట్లో పడినోడు ఏ పని మీద పోయినాడో, ఆ పని మళ్లా చేయడు. లారీ తోలే సుబ్బయ్యను చూసింది. మర్నాటి నుంచి స్టీరింగు ముట్టలేదు. ఇప్పుడు నంద్యాల బస్టాండులో టీ అమ్ముకుంటాండాడు."

"టీలో దుడ్లు బాగుంటాయిలే అవ్వా!" అని నవ్వి, అభిషేక్ ముందుకు పోయినాడు. నవ్వయితే నవ్వినాడు గానీ... గుండె మాత్రం సుంకమ్మవ్వ బండి కాడే నిలిచిపోయింది.

శిరివెళ్ల దాటినాక, ఆళ్లగడ్డ రోడ్డు పక్కనే ఉంటది, పత్తి గింజలు తీసే ఆ పాత మిల్లు. పైకప్పు రేకులు సగం ఎగిరిపోయినాయి. మిగిలినవి గాలికి టపటపమంటాంటాయి.

పోకుంటే కుదరదు మరి. రెండువేల ఆరో సంవత్సరం అది. రీలు లేని కెమెరాలు అప్పుడప్పుడే ఆళ్లగడ్డకు వస్తాండాయి. రాజరత్నం తన స్టూడియోలో కొత్త కెమెరా, కంప్యూటరూ పెట్టి, అభిషేక్‌కీ, ఫెబాకీ పని నేర్పిస్తాండాడు. "ఫ్లాషు లేకుండా చీకట్లో ఆ మిల్లు ఫొటో తీసుకురాప్పా. బాగొస్తే ఈసారి పెళ్లికి కెమెరా నీ చేతికే" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి అభిషేక్‌కు కన్ను మూస్తే తలంబ్రాలు, తెరిస్తే తలంబ్రాలు.

ముందురోజు వాన పడింది. నల్లరేగడి గదా... అడుగేస్తే చాలు, కాలికి ముద్దముద్దలు అంటుకుంటాండాది. చెప్పులు తీసి చేత్తో పట్టుకున్నాడు. నల్లమల వెనక నుంచి చంద్రుడు, అప్పుడే కడిగి ఆరేసిన ఫొటో మాదిరి పైకొస్తాండాడు. ఎంత బాగుందో ఆకాశం! ఆ మిల్లొక్కటి లేకుంటే.

స్టాండు నిలబెట్టినాడు. కెమెరా బిగించినాడు. షట్టరు పదిహేను సెకండ్లు తెరుచుకొని ఉండేట్టు పెట్టి, మీట నొక్కి... గిర్రున వెనక్కి తిరిగినాడు. కండ్లు గట్టిగా మూసుకొని ప్రార్థన మొదలుపెట్టినాడు.

చప్...

రేకు కాదది.

చప్... చప్...

తడి మన్నులో అడుగులు. ఆగినాయి. గాలి గూడా ఆగింది. ఆ తర్వాత — చపచపచపమని ఒకటే పరుగు... దూరంగా... దూరంగా...

కెమెరా టిక్కుమనింది. అభిషేక్ స్టాండును మడవను గూడా మడవలేదు. మూడు కాళ్లూ బారజాపుకొని ఉండంగానే ఎత్తుకొని, సుంకమ్మవ్వ బండి దాకా ఒకటే పరుగు. అవ్వ వాణ్ణి చూసి, అడక్కుండానే టీ పోసింది.

కెమెరా చిన్న తెర మీద చూసుకుంటే అంతా నలుపే. "ఏం లేదు. కుక్క అయ్యుంటది" అని గుండెకు చెప్పుకున్నాడు. గుండె నమ్మలేదు.

మర్నాడు స్టూడియోలో ఆ ఫొటోను కంప్యూటర్లో ఎక్కించినాడు. వెనక రాజరత్నం. పక్క కుర్చీలో ఫెబా. వెలుగు పెంచే గీతను మౌసుతో కొంచెం జరిపినాడు. గోడ వచ్చింది. ఇంకొంచెం... తలుపు వచ్చింది. ఇంకొంచెం...

తలుపు ముందర ఒక పిల్ల.

తెల్లటి బట్టలు. తల మీద తెల్లటి చున్నీ. మొగం మసక. ఆ పిల్ల ఒంట్లో నుంచి వెనకనున్న తలుపు చెక్కలు కనపడతాండాయి!

"ఎవరో వచ్చి నిలబడి, మధ్యలో పోయింటారులేప్పా" రాజరత్నం గొంతు సవరించుకున్నాడు. "షట్టరు మూసేలోపల కదిలిపోతే అట్నే పొగ మాదిరి పడతారు."

"అన్నా..." అభిషేక్ తెర మీద వేలు పెట్టినాడు. "మరి కాళ్లేవి?"

చూసినారు. మోకాళ్ల దాకా తెలుపు. దాని కింద... చీకటి. ఫెబాకు చెమటలు పట్టినాయి. "పాపం, ఆడపిల్ల గదా, భయపడింది" అనుకున్నారు.

సాయంత్రానికల్లా సంగతి తెలిసి అభిషేక్ వాళ్లమ్మ జీవమ్మ బ్యాగు సర్దుకొని స్టూడియోకే వచ్చేసింది.

"వద్దయ్యా మాకీ పని. నంద్యాలలో వాళ్ల మామకు సిమెంటు కొట్టుంది. ఈ బస్సుకే తోలుకపోతాండా. ముందు ఆ ఫొటోలోని పిల్లను తుడిపేయండి, నా కండ్ల ముందరే. అదుంటే నా బిడ్డను ఇడ్సదు."

"మ్మా, పెళ్లి ఫొటోలు..."

"నోర్మూయ్. ముందు నువ్వుంటే గదరా పెళ్లి!"

అభిషేక్ కెమెరా సంచిని రాజరత్నం బల్ల మీద పెట్టినాడు. పెట్టినాడు గానీ, చేయి మాత్రం తీయలేదు. సుంకమ్మవ్వ చెప్పింది నిజమే. చూసింది... పని పోయింది.

"ఫెబా, తుడిచేయ్ పాపా" అన్నాడు రాజరత్నం. "పక్కనున్న గోడ తెచ్చి దాని మీద అతికించు. నేర్పించినా గదా."

ఫెబా మౌసు పట్టుకునింది. ఫెబా పొడుగు మాటలాడే పిల్ల కాదు. చర్చిలో పాడేటప్పుడు తప్ప గొంతు వినపడదు. ఊళ్లో ప్రతి మగపిల్లోణ్ణీ అన్నా, అన్నా అంటది. అభిషేక్‌ను మాత్రం... ఏమీ అనదు. పిలవాల్సి వస్తే దగ్గుతది.

చున్నీ అంచు మీద గోడ అతికించింది. అంచు పోయింది. భుజం మీద అతికించింది. భుజం పోయింది. మౌసు మొగం కాడికొచ్చింది...

ఆగిపోయింది.

"కానీ పాపా, బస్సుకు టైమైతాంది" అనింది జీవమ్మ.

ఫెబా కండ్లల్లో నీళ్లు. బల్ల మీద కెమెరా సంచిని చూసింది. దాన్ని వదలని చేతిని చూసింది. దగ్గింది. మళ్లా దగ్గింది. దగ్గు చాలలేదు.

"తుడవలేనత్తా..."

"ఎందుకే?"

"అది దెయ్యం కాదు... నేనే." గొంతు గుసగుస. "నిన్న చర్చి నుంచి అట్నే పోయినా, తెల్ల బట్టల్లోనే. కాళ్లు లేక కాదు... మోకాళ్ల దాకా రేగడి మన్ను, చీకట్లో కలిసిపోయింది."

జీవమ్మ చేతిలోని బ్యాగు మెల్లగా నేల మీదికి దిగింది.

ఫెబా అభిషేక్ తట్టు తిరిగింది. మొదటిసారి పేరు పెట్టి పిలిచింది.

"అభిషేక్... నువ్వు తీసే ఫొటోలో ఒక్కసారన్నా పడాలని వచ్చినా. నా ధైర్యం సగం దాకే వచ్చింది... అందుకే సగమే పడినా."