చెక్ ట్రే

భీమవరం శివార్లలో సందీప్ వాళ్ల రొయ్యల చెరువుకీ, హైమ వాళ్ల పెరటికీ మధ్య ఒక గట్టూ, ఒక దడీ అడ్డం. ఆ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, వీధి వీధంతా వినేలా బట్టీ పట్టడం సందీప్‌కి ఇంటర్ హాస్టల్లో అబ్బిన అలవాటు. మనిషి ఇంజనీరింగ్‌లోకి వచ్చాడు గాని గొంతు ఇంటర్‌లోనే ఉండిపోయింది.

"స్ట్రెస్ ఈజ్ డిఫైన్డ్ యాజ్ ఫోర్స్..." అని ఆగాడు. తర్వాతి ముక్క రాలేదు.

"పర్ యూనిట్ ఏరియా, బాబూ," అని అందించారు రత్నమాణిక్యం గారు. ఆవిడ హైమ మామ్మగారు. పెరట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

దడి మీంచి హైమ తల ఎత్తింది. ఆమెదీ అదే క్లాసు.

"మామ్మగారు పాసైపోతారండి. మీ సంగతే అనుమానం."

"మీరు వినకండి."

"చెవులు ఇంట్లో పెట్టి రమ్మంటారా?"

మొదటి మిడ్ పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి సందీప్ బట్టీ అంతా చెల్లాచెదురైంది. "రెండోదీ ఇలాగే తగలేస్తే, కాలేజీ మాని చెరువు చూసుకోండి," అన్నారు నాన్నగారు, గొంతు పెంచకుండానే. చెరువంటే సందీప్‌కి బెంగ లేదు. కాలేజీ బస్సులో ముందు సీట్లో ఊగే జడ ఇక కనపడదనే బెంగ.

ఆ సాయంత్రం తుంపర పడుతోంది. సందీప్ చెరువులోంచి చెక్ ట్రే ఎత్తి చూస్తున్నాడు.

"అదెందుకండి?" అంది హైమ.

"వేసిన మేత తిన్నాయో లేదో చూడాలి కదండి. ట్రే ఖాళీ అయితేనే ఇంకాస్త వేస్తాం. తినకుండానే వేసుకుంటూ పోతే అడుగున కుళ్లిపోద్ది."

హైమ అతని తలకాయ వైపు చాలాసేపు చూసింది.

"ఏంటండీ?"

"అడుగున ఎంత పేరుకుపోయిందో అని."

మర్నాటి నుంచి లెక్క మారింది. ఒక పేజీ చదవడం, పుస్తకం మూసెయ్యడం, దడి దగ్గరికొచ్చి హైమకి అప్పజెప్పడం. పుస్తకంలో మాటలు వాడకూడదు.

"స్ట్రెస్ అంటే?"

"బురదలో మామ్మగారు వెడల్పు చెప్పులేసుకుని నడిచినా పర్లేదండి. మీ హీల్స్ మాత్రం దిగబడిపోతాయి. ఆవిడ బరువెక్కువే, అయినా మీరే దిగబడతారు."

"నా బరువు సిలబస్‌లో ఉందా బాబూ?" అన్నారు మామ్మగారు.

రెండో మిడ్ గట్టెక్కింది. నాన్నగారు మార్కులు చూసి, "ఊఁ," అన్నారు. అంటే కాలేజీ ఖాయం.

సందీప్ తిన్నగా దడి దగ్గరికొచ్చాడు. మళ్లీ తుంపర.

"హైమ గారూ, ఒక మాట చెప్పాలి."

"బట్టీయా, సొంతమా?"

"సొంతమేనండి. మీరంటే నాకు..." అక్కడ ఆగిపోయాడు.

"ఇష్టం, బాబూ," అని అందించారు పెరట్లోంచి.

"మామ్మగారూ, కాపీ కొట్టించకండి," అంది హైమ. అతని వైపు తిరిగింది. "మీ మాటల్లో చెప్పండి."

"బస్సులో మీ జడ కనపడని రోజు, నేను చదివింది ఒక్క ముక్కా ఎక్కదండి."

హైమ జడ ముందుకి వేసుకుని, చివర వాన చుక్కలు దులుపుకుంది.

"ట్రే ఖాళీ అయిపోయిందండి," అంది. "రేపు ఇంకాస్త వెయ్యండి."