గేటు తెరిచుండగా గోడ దూకినవాడు

"ఆ షూస్‌తో వస్తావా?"

దెబోరా నాతో మాట్లాడిన మొదటి మాట అదే. మా ఇద్దరికీ పెళ్లయి నెల దాటింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒక్కణ్ణే నవ్వుకుంటాను. రెడ్ లైట్ దగ్గర పక్క కారువాళ్లు నన్ను వింతగా చూస్తారు.

న్యూజెర్సీలో పార్సిప్పనీ అనే ఊళ్లోని మా తెలుగు చర్చి యూత్ వాళ్లు ఇంగ్లండ్ వెళ్లి, డోర్సెట్ అనే చోట సముద్రం వెంట వారం పాటు నడవాలనుకున్నారు. లీడర్ దెబోరా. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. పాలకి కూడా కారు తీసే ఊళ్లో, నడవడం కోసం విమానం ఎక్కే మనిషిని చూడటం నాకదే మొదలు. నాకేమో కెమెరా పిచ్చి. పేరిచ్చేసి, కొత్త తెల్ల షూస్ వేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాను.

"దారంతా పబ్లిక్ ఫుట్‌పాత్ అని రాశారు కదండీ," అన్నాను.

"సో?"

"అంటే రోడ్డు పక్కన, సిమెంటుతో..."

"ఓ మై గాడ్, అది సైడ్‌వాక్! ఇది పొలం. మడ్ ఉంటుంది. ఆవులు ఉంటాయి!"

నాలాంటి కాకినాడవాడికి ఫుట్‌పాత్ అంటే బజ్జీల బండి, చెప్పులు కుట్టే తాత. ఆ మాటకొస్తే ఆవులు అక్కడా ఉంటాయి. కానీ ఆ మాట అనే ధైర్యం రాలేదు.

ఇంతలో దెబోరా వాళ్ల నాన్న సుందర్ రాజ్ అంకుల్ నన్ను పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేశారు.

"నోయెల్ బాబూ, ఈ గ్రూప్‌లో నువ్వే కాస్త నెమ్మదస్తుడిలా ఉన్నావు. మా అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో. నిన్ను నమ్ముతున్నాను."

"అలాగే అంకుల్," అన్నాను. అంత బరువైన లగేజీ నేనెప్పుడూ మొయ్యలేదు.

ఆ వారం గురించి ఏం చెప్పను! ఒక పక్క పచ్చగడ్డి, ఒక పక్క సముద్రం, మధ్యలో ఒక్క మనిషి పట్టే దారి. వాన వచ్చేది, గొడుగు తీసేలోపే పోయేది. ఎండ పడగానే తెల్లటి కొండ అంచులు అప్పుడే సున్నం వేసిన గోడల్లా మెరిసేవి. నేను వెలుగు కోసం ఆగితే, దెబోరా నా కోసం ఆగేది.

"ఈ గొర్రెకి ఇంకా ఎన్ని ఫొటోలు? దాని మ్యాట్రిమొనీ ప్రొఫైల్‌కా?"

"ఆ మేఘాన్ని కాస్త తప్పుకోనివ్వండి."

"ఈ 'అండి' ఏంటి? నేనేమన్నా మీ పాస్టరమ్మనా?"

మా గ్రూప్‌లోని జెరెమీ, మిగతావాళ్లు ఎప్పుడూ మాకు ముందే ఉండేవాళ్లు. మేమిద్దరం ఎప్పుడూ వెనకే. తప్పంతా మేఘాలదే.

చివరి రోజు ఒక రాతిగోడ మధ్యలో గేటు వచ్చింది. ఆవులు దాటకుండా, ఒక్కో మనిషే వంకర తిరిగి వెళ్లేలా కట్టిన గేటు. దెబోరా ముందు దాటి, దాన్ని పట్టుకుని నిలబడింది. జుట్టు నిండా వాన చినుకులు.

"దీన్ని కిస్సింగ్ గేట్ అంటారు. ముందు దాటినవాళ్లకి వెనక వచ్చేవాళ్లు టోల్ కట్టాలి. రూల్."

"నా దగ్గర ఈజీపాస్ ఉంది," అన్నాను, మా కార్లకి టోల్ కట్టే ఆ డబ్బా పేరు చెబితే నవ్వుతుందని.

"ఇక్కడ ఈజీపాస్ పని చెయ్యదు."

నవ్వలేదు. కళ్లు దించుకుంది.

అప్పుడు నా కళ్ల ముందు ఎవరు కనిపించాలి? సుందర్ రాజ్ అంకుల్! 'నిన్ను నమ్ముతున్నాను.' అంతే, పక్కకి తిరిగి గోడ ఎక్కి అవతలికి దూకేశాను. అవతల మోకాలెత్తు దురద మొక్కలు. కాళ్లంతా దద్దుర్లు తేలి మండిపోయాయి. దెబోరాకి మాత్రం అంతకన్నా ఎక్కువే మండింది.

"ఇట్స్ ఓకే, నోయెల్. జోక్ చేశాను," అంది.

న్యూజెర్సీ దాకా మళ్లీ పలకలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చేది.

రెండు ఆదివారాల తర్వాత, ఆరాధన అయ్యాక ఫెలోషిప్ హాల్లో నా ఫొటోలు చూపించారు. మైకు పట్టుకుని వివరించేది దెబోరా. అందరూ బిర్యానీ ప్లేట్లతో కూర్చున్నారు. కొండలు వచ్చాయి, గొర్రెలు వచ్చాయి. ఆ తర్వాత నేను తియ్యని ఫొటో ఒకటి వచ్చింది. గోడ మీద ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసుకుని నేను! పక్కనే బార్లా తెరిచిన గేటు. అవతలి నుంచి దెబోరా తన ఫోన్‌లో తీసిందది. కావాలనే పెట్టింది.

హాలంతా నవ్వింది.

"అదేంటి బాబూ, గేటు తెరిచే ఉంది కదా!" అంది ముందు వరసలో కూర్చున్న క్రిస్టినా ఆంటీ.

"అది కిస్సింగ్ గేట్ ఆంటీ," అన్నాడు జెరెమీ.

స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. సుందర్ రాజ్ అంకుల్ లేచి నిలబడ్డారు.

"ఎందుకు దూకావు నోయెల్?"

ఆవు తరిమిందని చెప్పొచ్చు. తప్పించుకోవచ్చు. కానీ తెర పక్కన దెబోరా తల వంచుకుని నిలబడింది. ఇప్పుడు అబద్ధం ఆడితే ఆ తల నా వైపు ఎప్పటికీ తిరగదు.

"టోల్ కట్టాలని నాకు చాలా ఉందంకుల్. కానీ మీరు నన్ను నమ్ముతున్నానన్నారు. మీతో చెప్పకుండా కట్టబుద్ధి కాలేదు."

అంకుల్ బిర్యానీ ప్లేటు పక్కన పెట్టారు.

"జాగ్రత్తగా చూసుకోమన్నాను. గోడ దూకమన్నానా?" అన్నారు. "అమ్మాయి కోసం గోడ దూకినవాళ్లని మా రోజుల్లో బోలెడుమందిని చూశాను. అమ్మాయిని తప్పించుకోడానికి దూకినవాణ్ణి నిన్నే చూస్తున్నాను. వెళ్లు, మిగతాది నాతో కాదు, దానితో చెప్పుకో."

కుర్చీలు తప్పించుకుంటూ వెళ్లాను. దెబోరా కళ్లు తడిగా ఉన్నాయి.

"నీకు నేనంటే ఇష్టం లేదు అనుకున్నా," అంది నెమ్మదిగా. "డాడీ నమ్మాడు, ఓకే. నేను కూడా నమ్మాను కదా? అందుకే కదా అక్కడ నిలబడ్డాను. నన్నెందుకు అడగలేదు?"



"సారీ, దెబోరా."

"సారీ వద్దు. ఇంకోటి చెప్పు."

చెప్పాను. ముందు తెలుగులో చెప్పాను. సరిగ్గా అర్థమైందో లేదో అని ఇంగ్లిష్‌లో కూడా చెప్పాను. పెళ్లి చేసుకుంటావా అని అడిగాను. ఈసారి 'అండి' లేదు.

"యెస్. చేసుకుంటా," అంది.

ఆమె చేతిలోని మైకు ఆన్‌లోనే ఉంది.

"ఆమెన్!" అంది హాలంతా.