చిమ్మని వాకిలి

మునస్వామి ఇంట్లో కోడి కంటే ముందు లేచేది చీపురు. కోడలు పంకజాక్షి కొంగు నడుముకు దోపుకుని, గడప దగ్గర మొదలుపెట్టి, వాకిలంతా చిమ్ముకుంటూ ఎండ పలకల కిందికి చేరేది. ఆ చప్పుడు వింటూ అత్త వరదమ్మ కాఫీ తాగేది.

ఎనభైల నాటి మాట ఇది. తిరుచానూరు అవతల, కరెంటు తీగ ఇంకా రాని మెట్టనేలలో వాళ్ల ఇల్లు. తిరుపతి నుంచి ఇంజనీర్లు వచ్చి, పరీక్ష కోసమని వాళ్ల వాకిట్లో ఇనుప కాళ్ల మీద నల్లటి అద్దాల పలకలు నిలబెట్టి వెళ్లారు. ఎండ కాస్తే చాలు, మోటారు తిరిగి బావినీళ్లు తొట్టిలో పడేవి. ఆ నీళ్లతో పండే కనకాంబరాలు అమ్మవారి గుడి ముందున్న అంగళ్లకు పోయేవి.

పలకల కింద గడ్డిపోచ ఉండకూడదన్నది వరదమ్మ హుకుం. కోడలు కాపురానికి వచ్చిన రోజే చీపురు చేతికిచ్చి చెప్పింది. "ఆఫీసర్లు వచ్చే సోటమ్మే. కల్లం మాదిరి ఉండాల." పంకజాక్షి పిచ్చిమొక్కలన్నీ పీకి, నిజంగానే కల్లం చేసి పెట్టింది. అంతకుముందు మోకాళ్ల నొప్పులతో గడప వరకే చిమ్ముకునే వరదమ్మకు ప్రాణం హాయిగా ఉంది.

అయితే కొన్నాళ్లకే తొట్టి నిండడం మానేసింది. మధ్యాహ్నానికి పొర్లాల్సింది, పొద్దుగూకినా సగానికే ఉండేది. మునస్వామి ప్రతి శనివారం తలకు పోసుకుని, పీట ఎక్కి పలకలు తుడిచేవాడు. ఆ రోజు మాత్రం నీళ్లు బాగా పడేవి. శనివారం కదా, వెంకటేశ్వరస్వామి దయ అనుకుని కొండవైపు తిరిగి దండం పెట్టుకునేవాడు. వరదమ్మ మాత్రం మనసులో ఇంకో లెక్క వేసుకుంది.

ఒక పొద్దున పక్కింటి దేవకమ్మ మజ్జిగ కోసం వచ్చింది. "ఏమక్కా, పూదోట మాడిపోతా ఉండాదే?" అంది.

"ఏం జెప్పేది దేవకమ్మా! పెండ్లికి ముందు తొట్టి పొర్లతా ఉండె. కొందరు కాలు పెట్టిన ఏళ అట్లాంటిది."

చీపురు చప్పుడు ఆగిపోయింది.

"నేనేం జేసినాను అత్తా?" అంది పంకజాక్షి.

"నువ్వేం జేయలే తల్లీ. నీ పాదమే జేసింది."

"ఏమే, అదేం నోరు!" అని మునస్వామి లోపలి నుంచి అరిచాడు. దేవకమ్మ మజ్జిగ తీసుకోకుండానే జారుకుంది. పంకజాక్షి ఏడవలేదు. మిగిలిన వాకిలి చిమ్మి, చీపురు మూలన పెట్టింది. ఆదివారం నగరి మగ్గాల పని నుంచి మొగుడు మునిరత్నం ఇంటికి రాగానే, "నన్ను సత్యవేడులో మా అమ్మోళ్లింట్లో దిగబెట్టు. తొట్టి నిండినాక పిలిపించండి" అంది. అతను తల్లి ముఖం చూసి, పెళ్లాం పెట్టె అందుకున్నాడు.

ఆ వారం నాలుగు చినుకులు పడ్డాయి. వరదమ్మ మళ్లీ గడప వరకే చిమ్ముకుంది. రెండు మూడు వారాల్లో పలకల నీడలో చెంచలాకు, పాయలాకు, గలిజేరు లాంటి ఆకుకూరలు మొలిచి నేలంతా అల్లుకున్నాయి. ఒక మధ్యాహ్నం తొట్టి పొర్లింది. శనివారం కూడా కాదు, మంగళవారం.

"సూసినావా? నే జెప్పలే!" అంది వరదమ్మ. గెలిచిన సంతోషం ఆమెకు ఎంతోసేపు నిలవలేదు. పొద్దున్నే లేపే చప్పుడు లేక ఇల్లు బోసిపోయింది.

అంతలో ఆఫీసర్లు వస్తున్నారని కబురొచ్చింది. వాకిట్లో ఆ ఆకు చూసి వరదమ్మకు తల కొట్టేసినట్టయింది. కూర్చుని పీకడం మొదలుపెట్టింది కానీ, సగానికే మోకాళ్లు మొరాయించాయి. పీకిన ఆ సగాన్నే రోజూ పొద్దున శుభ్రంగా చిమ్ముతూ వచ్చింది. వస్తామన్న ఆఫీసర్లు రానే లేదు.

శనివారం మునస్వామి పీట ఎక్కాడు. కింద వరదమ్మ బకెట్టు పట్టుకుంది. ఆకు ఉన్న వైపు పలకలు తుడిచి గుడ్డ అందించాడు. గుడ్డ తెల్లగానే ఉంది. చిమ్మిన వైపు తుడిచి అందించాడు. ఎర్రమట్టి! వరదమ్మ గుడ్డను చూసింది, పలకలను చూసింది, గోడకు ఆనించిన చీపురును చూసింది. బకెట్టు వదిలేసి అక్కడే కూలబడింది.

"ఏమయ్యా... అది నా బిడ్డ పాదం గాదయ్యా. నా చీపురు పరక! చిమ్మమన్నది నేను, దుమ్ము లేపింది నేను, మాటన్నదీ నేనే!" వెక్కి వెక్కి ఏడ్చింది.

"అయితే శనివారం నీళ్లు స్వామి దయ గాదా?" అన్నాడు మునస్వామి బిత్తరపోయి. మరుక్షణం పీట దిగి, "ఏడ్చేది బస్సులో ఏడుద్దువు గానీ లెయ్! సత్యవేడు బస్సు పోతాది" అన్నాడు.

సత్యవేడులో పుట్టింటి గడప మీద కూర్చుని పంకజాక్షి చింతకాయలు దంచుతోంది. అత్తను చూసి గబుక్కున లేచింది.

"తొట్టి నిండిందా అత్తా?"

"తొట్టి నిండింది. ఇల్లే నిండలే" అంటూ వరదమ్మ మట్టిగుడ్డ విప్పి చూపించింది. జరిగిందంతా చెప్పింది. "అనగూడని మాట అన్నాను. నన్ను ఏమన్నా అను తల్లీ, ఇంటికి మాత్రం రా."

పంకజాక్షి కళ్లు నిండాయి. గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే అత్తా, ఇంక నేను ఆడ చిమ్మ పన్లేదా?"

"చిమ్మినావంటే చేతులిరగ్గొడతా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఇద్దరికీ ఏడుపూ వచ్చింది. మునస్వామి మాత్రం పచ్చి చింతకాయ నోట్లో వేసుకుని, ఆ పులుపుకే కళ్లలో నీళ్లొచ్చాయని అందరికీ చెప్పాడు.

మర్నాడు అత్తాకోడళ్లు కూర్చుని, చెంచలాకు విత్తనం దులిపి చిమ్మి బోడి చేసిన సగంలో చల్లారు. నెల తిరిగేసరికి పలకల కింద నేల కనిపించలేదు. కనకాంబరాలు విరగబూశాయి.

దేవకమ్మ మళ్లీ మజ్జిగకు వచ్చింది. వాకిలి చూసి బుగ్గన వేలు పెట్టుకుంది. "ఏమక్కా, కోడలుండీ ఈ గడ్డేంది? చిమ్మదా?"

వరదమ్మ ఊరంతా వినపడేలా గొంతు పెంచింది.

"చిమ్మదమ్మే! పలకల కింద మా కోడలు చిమ్మదు. ఆ బిడ్డ పాదం మంచిది, తొట్టి సూడు పొర్లతా ఉండాది!" గుప్పెడు చెంచలాకు తుంచి దేవకమ్మ ఒడిలో పోసింది. "పుల్లగూర జేసుకో. ఇంకా కావాలంటే నన్నడగొద్దు, మా కోడల్నడుగు."

తొట్టి దగ్గర పంకజాక్షి తల వంచుకుని బిందె ముంచుతోంది. అత్త అంత గట్టిగా చెప్పినా ఆమెకు ఇంకోసారి వినాలనిపించింది.

"ఏమన్నావు అత్తా? నీళ్ల శబ్దానికి వినపళ్లే!"

వరదమ్మ మళ్లీ చెప్పింది.