గోదారి వంతెన కింద గౌరమ్మ

"బాలలక్ష్మిని కాల్చాలె మియా. నువ్వే కాల్చాలె."

చీఫ్ ఇబ్రాహీం సాబ్ ఆ మాట అనేసి చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు. కరీంనగర్‌లో, పైకి పత్తి గోదాములా కనిపించే ఆ ఇంట్లో సీక్రెట్ సర్వీస్ ఆఫీసు ఉందని పక్కింటివాళ్లకు కూడా తెలియదు. ఏజెంట్ ముత్యం ముఖంలో ఏ మార్పూ రాలేదు. సర్వీసులో అతనికి పేరు తెచ్చిందే ఆ ముఖం. 

"సబూత్ ఉందా సాబ్?"

"ఎండకాలం సంది కబురు లేదు. క్లెమెంట్ కారుల తిరుగుతుంది. వాడు కొనిచ్చిన రవ్వల దుద్దులు పెట్టుకుంటుంది. మనం పంపిన మనిషే మనల్ని మర్చిపోయింది. ఇంకేం సబూత్ కావాలె?"

క్లెమెంట్! బొంబాయి కేసులో చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయిన విదేశీ ముఠా నాయకుడు. వంతెనలు కూల్చడంలో ఎక్స్‌పర్ట్. వాడి ముఠాలోకి సర్వీస్ పంపిన డబుల్ ఏజెంట్ బాలలక్ష్మి. పుట్టింది మంచిర్యాలలో. బొంబాయి హోటళ్లలో మాత్రం ఆమె మిస్ లిల్లీ. ఆమె స్టేజి ఎక్కితే సేఠ్‌లు గ్లాసులు కింద పెట్టి చూసేవాళ్లు.

చీఫ్ ఒక కాగితం ముందుకు తోశాడు. వైర్‌లెస్‌లో పట్టుకున్న ముఠా సందేశం, డీకోడ్ చేసింది. "గురువారం సాయంత్రం. మంచిర్యాల రేవు. పూలు నీళ్లలోకి."

"బతుకమ్మ పండుగ నడుస్తుంది. పూల నడుమ బాంబు పెట్టి వంతెన కాలు కాడ దించుతరు. గా టైంకే మందుగుండు స్పెషల్ గోదారి దాటుతది" అన్నాడు చీఫ్.

అది 1965 సెప్టెంబరు. సరిహద్దులో కాల్పులు అప్పుడప్పుడే ఆగాయి. ఆ రైలు పేలితే వంతెనతోపాటు ఒడ్డునున్న ఊరు కూడా లేచిపోతుంది.

"రైలు ఆపరాదా సాబ్?"

"ఆపితే వాడు మాయమైతడు. రేపు ఇంకో వంతెన. వాడు రేవుకు రావాలె, మన చేతికి చిక్కాలె. పూలు మోసుకొచ్చేది బాలలక్ష్మే, గా మందిల ఆమెను గుర్తుపట్టేటోనివి నువ్వొక్కనివే. ఆమె తాంబాళం కింద పెట్టకముందే కాల్చు."

ముత్యం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమెను అతనికంటే బాగా ఎరిగినవాళ్లు ఎవరున్నారు? రెండు కేసుల్లో భార్యాభర్తలుగా నటించారు. మూడో కేసుకు వచ్చేసరికి నటన అవసరం లేకపోయింది. "లగ్గమెప్పుడు చేసుకుందాం?" అని ఆమె అడిగినప్పుడల్లా అతనిది ఒకటే జవాబు. "గీ కేసు అయిపోనీ." ఆమె మొదట్లో నవ్వింది. చివరిసారి మాత్రం అలిగింది. క్లెమెంట్ ముఠాలో చేరడానికి బయల్దేరిన రోజు రైలు కిటికీలో అటు తిరిగి కూర్చుంది. బతిమాలడానికి బోలెడు టైముందనుకున్నాడు ముత్యం. గొప్ప గూఢచారే గానీ ఆ విషయంలో వట్టి మొద్దు.

గురువారం సాయంత్రం మంచిర్యాల రేవులో గాజులమ్మేవాడు ఒకడు మూట విప్పుకుని కూర్చున్నాడు. గాజుల కింద ట్రాన్స్‌మిటర్, తలపాగాలో పిస్టల్. అతనే ముత్యం. మెట్ల మీద మారువేషాల్లో పోలీసులు. ఒకడు చేపలవాడు, ఒకడు సాధువు. వంతెన పైన రైల్వే క్యాబిన్‌లో చీఫ్.

అన్నీ ఉన్నాయి, ఆడవాళ్లే లేరు. ఒక్క పూవు కూడా నీళ్లలో లేదు. దూరంగా ట్రైపాడ్ మీద పెద్ద కెమెరా పెట్టుకున్న ఫారిన్ ఫోటోగ్రాఫర్ ఒకడు గడియారం చూసుకుంటున్నాడు. నెరిసిన విగ్గు పెట్టినా ఆ గూని భుజాన్ని ముత్యం ఎక్కడైనా పోల్చగలడు. క్లెమెంట్. కానీ బాంబు కనిపించేదాకా వాడిని ముట్టుకోవద్దని చీఫ్ ఆర్డరు.

"ఏమైంది? ఆడోళ్లేరి?" గాజుల మూటలోంచి చీఫ్ గొంతు గుసగుసలాడింది.

బిందె ముంచుకుని వెళ్తున్న ముసలావిడ బుచ్చవ్వ మూటను చూసి ఆగింది.

"ఓ గాజులాయినా, ఎవలకమ్ముదామని కూసున్నవు? ఇయ్యాల అలిగిన బతుకమ్మ గాదు? ఆరో దినం ఎవలన్న పూలు పేరుస్తరా? ఏ దేశమయ్యా నీది?"

ముత్యం జేబులోని కాగితం బయటికి తీశాడు. అతనిదీ ఈ దేశమే. పండుగ ఆరో రోజున దేవత అలుగుతుందనీ, ఆ రోజు ఈ ప్రాంతంలో ఏ ఆడపడుచూ బతుకమ్మ పేర్చదనీ ఉగ్గుపాలతో తెలిసినవాడే. బొంబాయి హోటళ్లలో తిరిగి తిరిగి మర్చిపోయాడు. క్లెమెంట్‌కు ఎలాగూ తెలియదు. ఈ రోజును వాడికి చెప్పి పెట్టించినవాళ్లకు మాత్రం బాగా తెలుసు.

ఆ కాగితం ఉత్త ముఠా సందేశం కాదు. ముఠా వైర్‌లెస్‌లోనే బాలలక్ష్మి అతనికి పంపిన కబురు. రేవు ఖాళీగా ఉంటుంది, పరాయి ప్రాణం పోదు, వచ్చేది నేనొక్కదాన్నే, వెనకే వాడుంటాడు, ముందే వచ్చి పట్టుకో అని. ఇన్నాళ్లూ దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు.

అప్పుడే ఆమె మెట్లు దిగింది. జరీ అంచు పట్టుచీర, చెవులకు రవ్వల దుద్దులు, చేతుల్లో తాంబాళం. అందులో తంగేడు, గునుగు పూలు వరసలుగా పేర్చిన బతుకమ్మ. ఆ పూల కొసన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. ముత్యం చెయ్యి తలపాగాలోకి వెళ్లింది. ఆమె చూసింది. అతని కళ్లలో ఏం వెతుక్కుందో అతనికి తెలిసిపోయింది. చెయ్యి కిందికి దించేశాడు.

దించి ఊరుకోలేదు. నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అలక తీరింది.

సర్వీసులో ఏ ముఖానికైతే పేరుందో, ఆ ముఖమే మోసం చేసింది. ఆ నవ్వును క్లెమెంట్ లెన్స్‌లోంచి చూశాడు. కెమెరా క్లిక్‌మంది. ఫోటో కోసం కాదు. లెన్స్ కింద సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

ఆమె మెట్టు మీద కూలిపోయింది. ముత్యం పిస్టల్ పేలింది. ఆమె కోసం నింపిన గుండు క్లెమెంట్ మోకాలిని పగలగొట్టింది. చేపలవాడూ సాధువూ వాడి మీద పడ్డారు. ముత్యం ఒక చేత్తో ఆమెనూ, ఒక చేత్తో తాంబాళాన్నీ పట్టుకున్నాడు. పూల లోపల టిక్ టిక్. పైన ఇంజన్ కూత వేసింది. వంతెన వణకడం మొదలైంది.

"గౌరమ్మను తియ్యి" అంది ఆమె. "తీసినంకనే గద నీళ్లల్ల ఇడిసేది. ఫ్యూజు దాంట్లనే పెట్టిన. వానికి గా సంగతేం తెలుసు?"

ముత్యం పసుపు ముద్దను పెకలించాడు. దానితోపాటు సన్నటి ఇత్తడి గొట్టం ఊడి వచ్చింది. నదిలోకి విసిరాడు. నీళ్లను తాకీ తాకకముందే అది దీపావళి టపాకాయలా పేలింది. మందుగుండు స్పెషల్ ధడధడా వంతెన దాటిపోయింది.

"కబురు రాంగనే సమజైందా నీకు?" ఆమె గొంతు సన్నబడింది.

"రాంగనే సమజైంది."

"అబద్ధం." ఆమె నవ్వబోయింది. "గిన్నేండ్లు నౌకరీ చేసినవు, అబద్ధమాడుడు రాకపాయె."

"డాక్టర్ వస్తుండు. ఫికర్ చెయ్యకు. రేపే లగ్గం చేసుకుందాం."

"కేసు అయిపోయింది గద" అంది. తరువాత ఏమీ అనలేదు.

ముత్యం వేళ్లకు గౌరమ్మ పసుపు అంటుకుని ఉంది. పెళ్లయినవాళ్లు ఆ పసుపును పుస్తెలకు అద్దుకుంటారు. ఆమె మెడలో పుస్తెలు లేవు. ఆలస్యం చేసింది అతనే. ఆ పసుపును ఆమె చెంపలకు రాశాడు. బుచ్చవ్వ బిందె కింద పెట్టి, ఎవరో ఏమిటో అడక్కుండా పక్కన కూర్చుని ఏడ్చింది. ముత్యం కూడా ఏడ్చాడు, వేషం సంగతి మర్చిపోయి.

చీకటి పడేవేళకు చీఫ్ మెట్లు దిగి వచ్చాడు. టోపీ తీశాడు.

"మాఫ్ చెయ్యి మియా. తప్పు నాదే."

"నాది సాబ్. నేను గీ మట్టిల పుట్టినోన్ని." ముత్యం పిస్టల్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. "నాకు సెలవు కావాలె."

"తీస్కో. సెలవు ఎందుకో ఢిల్లీకి రాయాలె గద, ఏం రాయమంటవు?"

"అలిగిండని రాయుండ్రి."

చీఫ్ జేబులోంచి పెన్ను తీశాడు. "ఎన్ని రోజులని రాయాలె?"

ముత్యం గాజుల మూట భుజాన వేసుకున్నాడు.

"బతుకమ్మ దేవత గద సాబ్, ఒక్క దినంల అలక తీర్తది. నేను మనిషిని."