పక్కనున్న కణం

“మీ ఆవిడ అమ్ముడుపోయిందని సమాచారం,” అన్నాడు చీఫ్. “నిజమో కాదో తేలాలి. కష్టమనిపిస్తే చెప్పు, ఇంకొకణ్ణి పంపుతాను.”

“నేనే వెళ్తాను సార్.”

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని బల్లి అంటారు. గోడలూ కప్పులూ అతనికి నేలతో సమానం.

చీఫ్ నాలుగు ముక్కల్లో బ్రీఫింగ్ ముగించాడు. బల్లి భార్య డాక్టరమ్మ ల్యాబ్‌లో ఒక సీసా. అందులో రక్తనాళాల లోపలి పొర కణాలు. వాపుతో చితికిన ఊపిరితిత్తుల్ని నిలబెట్టగల రకం. దానికోసం విదేశీ ముఠా మనిషి ఒకడు అతిథి శాస్త్రవేత్త వేషంలో దిగాడు. వాడు ‘చలిగా ఉంది’ అంటాడు. జవాబులో ‘కోటు’ అన్న మాట వస్తే ఆమె వాళ్ళతో కలిసినట్టే. సీసా చేతులు మారేదాకా కదలకూడదు.

దేశద్రోహమే అయితే బావుండునని బల్లి మనసారా కోరుకున్నాడు. దానికి చట్టముంది, శిక్ష ఉంది. చీఫ్ చూపిన ఫొటోలోని ఆ అందగాడి మీద మనసుపడి ఉంటే ఏ సెక్షన్ కింద పట్టుకోవాలి?

ఏసీ మెకానిక్ యూనిఫాంలో ల్యాబ్ ఫాల్స్ సీలింగ్ ఎక్కి, చిల్లుల మూతలోంచి కిందికి చూశాడు. మైక్రోస్కోపు దగ్గర రెండు తలలు. మధ్య జానెడు ఎడం కూడా లేదు.

“పొర చిరిగితే బయటినుంచి ఎవరొచ్చి అతుకుతారు?” అడిగాడు అతిథి.

“ఎవరూ రారు. రక్తంలో కొట్టుకొచ్చేవి కాస్త పలకరించి పోతాయంతే.” ఆమె నవ్వింది. “పక్కన మిగిలిన కణాలే పట్టు సడలించుకుని ఖాళీలోకి సాగుతాయి. ఒకటి రెండవుతుంది. తర్వాత మళ్ళీ గట్టిగా చేతులు కలుపుకుంటాయి.”

నెలకోసారి సూట్‌కేసుతో వచ్చి పలకరించి పోయేది తను. పక్కనున్నది వాడు. బల్లి పళ్ళు నూరాడు.

“ఇక్కడ మరీ చలిగా ఉందండీ.”

“మా ఆయన కోటుంది, వేసుకోండి.”

ద్రోహి! బల్లి గుండె ఒక్కసారిగా తేలికపడింది.

ఆమె ఫ్రీజర్‌లోంచి సీసా తీసి బల్లమీద పెట్టింది. వాడు కోటు తొడుక్కున్నాడు. తనకంటే వాడికే బాగా కుదిరింది. అప్పుడు ఆమె రెండు చేతులూ చాచి వాడి కాలర్ సర్దింది.

చీఫ్ ఆర్డర్ గాలికి పోయింది. సీలింగ్ పలకతో సహా బల్లి వాడి నెత్తిమీద పడ్డాడు. వాడి చేతిలోని పెన్ను ఎగిరి దూరంగా దొర్లింది.

“ఎందుకు దూకారండీ? కాలర్ కింద ట్రాన్స్‌మిటర్ పెడుతున్నాను! ముఠా మొత్తం దొరికేది!”

“వాడి కాలర్ నువ్వెందుకు సర్దాలి?”

ఆమె ఏదో అనబోయి పెన్ను వైపు చూసింది. దాని మొనలో విషపు సూది మెరుస్తోంది. ఆమె చెయ్యి తన మెడమీదికి వెళ్ళింది. బల్లి కూడా సూదిని చూడడం అదే మొదటిసారి.

బల్లి చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు: “శభాష్! ముఠాలో ఆవిడ మన డబుల్ ఏజెంట్, మూడేళ్ళ నుంచీ. కాపలాకి రెప్పవేయనివాడు కావాలి. అనుమానం పట్టిన మొగుడికంటే ఎవడు దొరుకుతాడు? ఆవిడ మన మనిషేనయ్యా.”

బల్లి వాడి చేతులకి సంకెళ్ళు బిగిస్తూ ఆలోచనలో పడ్డాడు. మన మనిషి. ఆ ‘మన’లో చీఫ్ వాటా ఎంత?